పెట్రోల్ ట్యాంకులో పోసిన నీళ్ళు

వ్యాన్ కింద నుంచి రెండు కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు చల్లబడుతుంది. ఆ కాళ్ళు మా ఆయనవి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ముఖం ఎంత చూశానో ఆ కాళ్ళనూ అంతే చూసుంటాను. ఐదు నిమిషాలు కదలకపోతే వంటింట్లో నుంచే పిలుస్తాను. పలక్కపోతే చేతిలో గరిటెతోనే పరుగెత్తుకొస్తాను. "బతికే ఉండా, పో మే" అంటాడు లోపల నుంచి. నాకు మాత్రం గుండె దడ తగ్గడానికి ఇంకో ఐదు నిమిషాలు పడుతుంది.

అనంతపురం ఊరి చివర కాలనీలో మా ఇల్లు. ఇంటి ముందు ఒక బండి పట్టేంత జాగా, దాని మీద రేకులు. అదే మా షెడ్డు. ఆయన చాలా ఏళ్ళు లారీలకు బాడీలు కట్టే చోట పనిచేశాడు. అక్కడ మానేసినప్పటి నుంచి పాత వ్యాన్లు, చిన్న కార్లు ఇంటికే తెచ్చుకొని బాగుచేస్తాడు. ఒకరికి సీట్లు పీకి వెనకాల టిఫిన్ బండిలా చేసివ్వాలి. ఇంకొకరికి తుప్పు పట్టిన అడుగు కోసేసి కొత్త రేకు అతకాలి. నేను కుట్టుపని నేర్చినదాన్ని కాబట్టి సీటు కవర్లు, లోపలి కప్పుకు గుడ్డ నావంతు. పానాలు అందించేదీ నేనే. ఏ బోల్టుకు ఏ నంబరు పానా పడుతుందో ఆయన అడగకముందే చెప్పగలను. పని తెలియక భయపడతాననుకోవద్దు. తెలుసు కాబట్టే ఇంత భయం.

జాకీ జారుతుందని భయం. జాకీని నమ్మలేక ఆయన లేపిన బండి కింద నాపరాళ్ళు పేరుస్తాడు. తాడిపత్రి నుంచి వచ్చే లోడు బండి దగ్గర విరిగిన ముక్కలు ఏరి తెస్తాడు. నున్నగా పాలిష్ పట్టినవి జారతాయని గరుకు రాళ్ళే తెస్తాడు. ఇంత చూసుకునే మనిషే కదా అని నాకు నేను చెప్పుకుంటాను. అయినా ఆ రాళ్ళు పగులుతాయని భయం. కరెంటు వైర్లంటే భయం. గ్యాస్ వెల్డింగు చేసేటప్పుడు ఆ నీలం మంట బుస్సుమంటుంటే పక్కన నిలబడలేను, లోపలికీ పోలేను. "నీ భయానికి ఇంకొక షెడ్డు ఎయ్యల్ల, ఈడ పట్టేతట్టు లేదు" అని నన్ను ఆటపట్టిస్తాడు. నవ్వొస్తుంది గానీ భయం పోదు. నా భయాన్ని నేనే తిట్టుకుంటూ ఉంటాను. ఇన్నిటికి భయపడ్డాను కదా, భయపడాల్సిన రోజున మాత్రం భయపడలేదు. ఆ ముచ్చటే ఇది.

మొన్నటి ఎండాకాలం ధర్మవరం నుంచి ఒకాయన పాత వ్యాన్ తెచ్చాడు. పట్టుచీరలు మగ్గాల ఇళ్ళ నుంచి తీసుకొని అంగళ్ళకు వేసే మనిషి. వెనక సీట్లు తీసేసి, చీరల పెట్టెలు పెట్టడానికి అరలు కట్టించాలన్నాడు. అరలు కట్టాం. లోపలంతా మెత్తటి గుడ్డ వేసి నేనే కుట్టాను. చీర జరీ పట్టుకోకుండా ఎక్కడా మేకు తల బయటికి రాకుండా చేత్తో తడిమి తడిమి చూశాను. ఆయన సంతోషంగా తీసుకుపోయి, వారానికే మళ్ళీ వచ్చాడు.

"అన్నా, చీరలకంతా పెట్రోల్ వాసన పడుతాండాది. పెండ్లి చీర ముక్కు కాడ పెట్టుకొని తిరిగి ఇచ్చేసినారు. ఏందో చూడన్నా" అన్నాడు.

మా ఆయన కిందికి దూరి చూశాడు. పెట్రోల్ ట్యాంకు అతుకు దగ్గర తుప్పు తిని, చెమట పట్టినట్టు చుక్క చుక్కగా కారుతోంది. గుజిరీ అంగడిలో పాత సామాన్ల మధ్య ఇంకో ట్యాంకు కోసం వెతికాడు. దొరికిన రెండూ దీనికంటే అధ్వాన్నంగా ఉన్నాయి. ఇక దీన్నే దించి అతకాలన్నాడు.

పెట్రోల్ పట్టిన ట్యాంకుకు మంట చూపించడమంటే మాటలు కాదు. పెట్రోల్ అంతా తీసేసినా లోపల ఆవిరి మిగిలి ఉంటుంది. మంటకు అంటుకునేది ఆ ఆవిరే. అందుకని ఈ పని తెలిసినవాళ్ళు ముందు సబ్బునీళ్ళతో కడుగుతారు. తర్వాత ట్యాంకు గొంతు దాకా మంచినీళ్ళు పోస్తారు. లోపల ఖాళీ లేకపోతే ఆవిరి ఉండడానికి చోటుండదు. ఆపైన చిల్లు ఉన్న వైపు పైకి తిప్పుకొని అతుకుతారు. మా ఆయన గురువు దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం ఇదేనట. మూడు బిందెలు పడతాయి ఆ ట్యాంకుకు.

మూడు బిందెలు. వేరే ఊరి వాళ్ళకు అదొక లెక్క కాదు. మా కాలనీకి ట్యాంకరు నాలుగు రోజులకొకసారి వస్తుంది. ఆ సారి ట్యాంకరు నింపే బోరు మోటారు కాలిపోయిందని పదకొండు రోజులు రాలేదు. డ్రమ్ములో అడుగున ఐదు బిందెల నీళ్ళున్నాయి. బియ్యం కడిగిన నీళ్ళు గిన్నెలు కడగడానికి, గిన్నెలు కడిగిన నీళ్ళు వాకిట్లో చల్లడానికి. మా వైపు ఆడవాళ్ళకు చెంబెడు నీళ్ళు చూస్తే దాంతో ఎన్ని పనులవుతాయో కళ్ళలో కదులుతుంది. ట్యాంకులో పోసిన నీళ్ళు మాత్రం దేనికీ పనికిరావు. పెట్రోల్ కంపు కొట్టే ఆ నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోసినా చెట్టు చస్తుంది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి, దాచి ప్రయోజనం లేదు. మరుసటి రోజు సోమందేపల్లెలో మా తమ్ముడి బిడ్డకు పేరు పెడుతున్నారు. నేను తలకు పోసుకొని పన్నెండు రోజులైంది. జుట్టంతా దుమ్ము, నూనె, ఇనుప రజను. మా మరదలి తరపు వాళ్ళంతా మల్లెపూలు పెట్టుకొని వస్తారు, వాళ్ళ మధ్య నేను ఈ అట్టలు కట్టిన జుట్టుతో కూర్చోవాలి. పొద్దున లేచినప్పటి నుంచి నా మనసంతా ఆ డ్రమ్ములోనే ఉంది.

ఆయన పెట్రోల్ తీసేసి, సబ్బునీళ్ళతో ట్యాంకు కడిగి వాకిట్లో పెట్టాడు.

"గొంతు దాకా పొయ్యి మే. నిండినాక మూతికి గుడ్డ గట్టిగా కుక్కు. నేను పోయి అతికేదానికి ఇత్తడి కడ్డీ తెచ్చుకుంటా" అని బండెక్కి అంగడికి పోయాడు.

మొదటి బిందె పోశాను. గడగడమని లోపలికి పోయింది. రెండో బిందె ఎత్తాను. సగం పోసి ఆపాను. ట్యాంకును ఒకసారి కదిలించి చూశాను. బరువుగానే అనిపించింది. ఇంత నీళ్ళున్నాక ఇంకేం అంటుకుంటుందిలే అనుకున్నాను. నీళ్ళు మంటను ఆర్పుతాయి కదా, సగమైతేనేం అనుకున్నాను. నిజం చెప్పాలంటే అవేవీ అనుకోలేదు. నా కాళ్ళు అప్పటికే బిందెతో బాత్రూం వైపు తిరిగాయి. మిగతావన్నీ తర్వాత నాకు నేను అతికించుకున్న మాటలు. మూతికి గుడ్డ కుక్కాను, ఎంత గట్టిగానంటే ఎవరూ తీసి చూడలేనంత గట్టిగా.

ఆయన వచ్చాడు. "నిండినాయా?" అన్నాడు.

"నిండినాయ్" అన్నాను. ముఖం చూడలేదు. "నేను తలకు పోసుకుంటా. రోంతసేపు నన్ను పిలవద్దు" అని లోపలికి పోయాను.

నీళ్ళు పొదుపుగా తల మీద పోసుకుంటూ కుంకుడు రసం రుద్దుతున్నాను. చాలా రోజుల తర్వాత తల మీద నీళ్ళు పడుతుంటే ప్రాణం లేచొచ్చింది. ఆ సుఖం నాకిప్పటికీ గుర్తుంది, అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. బయట గ్యాసు మంట బుస్సుమన్న చప్పుడు వినిపించింది. మామూలుగా ఆ చప్పుడు వింటే చేతిలో పని వదిలి బయటికి వస్తాను. ఆ రోజు రాలేదు.

తర్వాత దభీమని ఒక పేలుడు. బాత్రూం రేకు తలుపు నా మీదికి తోసుకొచ్చినట్టు అదిరింది. తర్వాత ఏదో గోడకు తగిలి పడిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

ఆ ఏమీ లేకపోవడమే నేను జీవితంలో విన్న అన్నిటికంటే భయంకరమైన చప్పుడు. కుంకుడు రసం కళ్ళలోకి కారి మండుతోంది, కళ్ళు తెరవలేకపోతున్నాను. ఆయన గొంతు కోసం చెవులు రిక్కించి నిలబడ్డాను. తిట్టినా చాలు, మూలిగినా చాలు అనుకున్నాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. బయటికి పోతే ఏం చూడాల్సి వస్తుందో అని పోలేదు. అదీ నా ధైర్యం. రోజుకు పదిసార్లు "బతికుండావా" అని అడిగేదాన్ని, నిజంగా అడగాల్సినప్పుడు నోరు పెగల్లేదు.

పక్కింటి ఆమె కేక వేసింది. "వదినా! యాడుండావ్ వదినా? అన్న పడిపోయినాడు, బిరిన రా!"

చీర చుట్టుకొని, జుట్టు నుంచి నురుగు కారుతుండగా వాకిట్లోకి ఉరికాను. ట్యాంకు ఒక పక్క విచ్చుకుపోయి గోడ కింద పడి ఉంది. ఆయన రేకుల స్తంభానికి ఆనుకొని కూర్చున్నాడు. కూర్చొని ఉన్నాడు. పడుకొని లేడు, కూర్చొని ఉన్నాడు అని నాలో నేనే రెండుసార్లు అనుకున్నాను. ముఖం మసిబారింది. కనుబొమలు లేవు. ఎడమ చెయ్యి మోచేతి దాకా ఎర్రగా కమిలి చర్మం ముడతలు పడింది. నల్ల అద్దాలు పెట్టుకోవడం వల్ల కళ్ళు దక్కాయి. ట్యాంకుకు ఎదురుగా కాకుండా పక్కకు నిలబడ్డాడు కాబట్టి మనిషి దక్కాడు. జానెడు ఇటు నిలబడి ఉంటే ఈ కథ ఇట్లా కూర్చొని రాసేదాన్ని కాదు.

ఆయన నన్ను చూసి ఏదో అన్నాడు. నేను మళ్ళీ ఏదో అడిగాను. ఇద్దరం ఒకరి మాట ఒకరికి అర్థం కాకుండా అరుచుకున్నాం. ఆయన ఎడమ చెవికి ఏమీ వినిపించడం లేదని అప్పుడు తెలియలేదు.

పక్కింటి ఆమె తన ఇంట్లో నుంచి నిండు బిందె తెచ్చి ఆయన చేతి మీద ధారగా పోసింది. అది అయిపోతే మళ్ళీ పోయి ఇంకొకటి తెచ్చింది. ఆమె ఇంట్లో కూడా పదకొండు రోజులుగా నీళ్ళు లేవు. ముగ్గురు పిల్లల తల్లి. ఒక్కసారి కూడా బిందెలోకి చూసుకోలేదు, అడుగు దాకా పోసేసింది. నేను పక్కన నిలబడి చూస్తున్నాను.

ఆటో వచ్చింది. ఆయన్ను ఎక్కిస్తున్నారు. అప్పుడు నేనేం చేశానో చెప్పడానికి సిగ్గేస్తుంది, అయినా చెప్తాను. నేల వైపు చూశాను. ట్యాంకులోంచి చిమ్మిన నీళ్ళ తడి ఎంత మేర ఉందో చూశాను. మూడు బిందెల తడి కాదది. కాస్త బుర్ర ఉన్నవాళ్ళెవరైనా చూస్తే తెలిసిపోతుంది. మా నేల సంగతి నాకు తెలుసు, ఆ ఎండకు పది నిమిషాల్లో ఆరిపోతుంది. త్వరగా ఆరిపోతే బాగుండు అనుకున్నాను. మనిషి ఆటోలో పళ్ళు కొరుక్కుంటూ నొప్పి ఓర్చుకుంటున్నాడు, నేను నేల ఆరాలని దేవుడికి మొక్కుకుంటున్నాను.

ఆసుపత్రిలో డాక్టరు ఎట్లా జరిగిందని అడిగాడు.

"పాత ట్యాంకు సార్. తుప్పు తినింటే విడిసిపాయ" అన్నాడు ఆయన.

చెయ్యి మానుతుందన్నారు. చెవి మాత్రం చెప్పలేమన్నారు. పది రోజుల తర్వాత ఇంకో డాక్టరు పరీక్షించి, ఎడమ చెవి ఇక రాదని చెప్పాడు. ఇంటికి వచ్చే దారిలో ఆయన నా చెయ్యి పట్టుకొని, "ఇంగొకటి ఉండాదిలే" అన్నాడు. నేను ఆటోలో వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన చెవి కోసం ఏడుస్తున్నానని అనుకున్నాడు.

ఆ తర్వాత నెల రోజులు నా పరిస్థితి దొంగకు తేలు కుట్టినట్టే. అరవడానికి లేదు, ఊరుకోవడానికి లేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఎట్లా పేలింది అనే అడుగుతారు. ధర్మవరం ఆయన వచ్చి, నా వల్లే ఇంత జరిగింది అన్నా అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేను ఆయనకు మజ్జిగ ఇచ్చి లోపలికి వచ్చేశాను. మా ఆయనతో పనిచేసిన పాత స్నేహితుడొకాయన, "నీళ్ళు సరిగ్గా పోసినారా?" అని మాటవరసకు అడిగాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను వంటింట్లో నుంచే "పోసినాం, గొంతు దాకా పోసినాం" అని అరిచాను. ఆయన నన్ను అడగనే లేదు.

రాను రాను వేరే భయం పట్టుకుంది. చెయ్యి నయమవుతోంది. మళ్ళీ పని మొదలుపెడతాడు. తను అన్నీ సరిగ్గా చేసినా ట్యాంకు పేలిందని ఈ మనిషి నమ్ముతున్నాడు. అంటే ఇక మీదట ఆయన నేర్చుకున్న పద్ధతి మీదే ఆయనకు నమ్మకం ఉండదు. నీళ్ళు పోసినా పేలేటప్పుడు పోయడం ఎందుకు అనుకుంటే? నేను చెప్పకపోతే ఇంకోసారి చస్తాడు. చెబితే నన్ను చూసే చూపు మారిపోతుంది. ఈ రెండింటి మధ్య అన్నం సహించేది కాదు, నిద్ర పట్టేది కాదు.

ఒక మధ్యాహ్నం చేతికి మందు రాస్తున్నాను. కొత్త చర్మం లేత రంగులో మెరుస్తోంది. ఇక ఆపుకోలేకపోయాను. కుడి చెవి వైపు జరిగి కూర్చున్నాను.

"ఆ పొద్దు ట్యాంకులో నీళ్ళు నిండా పోయలేదు నేను" అన్నాను. "ఒకటిన్నర బిందె పోసినా. అంతే. నిండినాయని నీకు అబద్ధం చెప్పినా."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నా ముఖం వైపు చూశాడు.

"తెల్సు" అన్నాడు.

"ఏం తెల్సు?"

"ఎత్తి తిప్పినా కదమే. ఇన్నేండ్లు ట్యాంకులు ఎత్తినోన్ని, నిండు ట్యాంకు బరువు నాకు తెల్దా? లోపల నీళ్ళు గలగలా అనె."

చేతిలో మందు కింద పెట్టేశాను.

"తెల్సి ఎట్ల ఎలిగించినావ్? నన్ను పిలిచింటే నేను పోయనా? ఉండే నీళ్ళన్నీ తెచ్చి పోయనా?"

"నువ్వు అప్పుడే తలకు పోసుకుంటాంటివి" అన్నాడు. "పన్నెండు దినాలాయ పోసుకోక. బాత్రూంలో నువ్వు పాట పాడుకుంటాంటివి, ఇంటి బయటికి ఇనపడుతాండ్య. నీళ్ళు తెమ్మని పిలిస్తే సగంలో ఇడిసిపెట్టి వస్తావ్. పోనీలే, బిరిన రెండు చుక్కలు అతికేస్తే ఏం కాదులే అనుకొన్యా."

నేను పాట పాడానట. నాకు గుర్తే లేదు.

కొట్టాలనిపించింది. కట్టు విప్పిన ఆ చేతి మీదే కొట్టాలనిపించింది. "నా తలకాయకు చెంబెడు నీళ్ళ కోసం నీ తలకాయ పోగొట్టుకుంటావా నువ్వు? మనిషివా నువ్వు?" అని అరిచాను. పక్కింటి ఆమె గోడ మీద నుంచి తొంగిచూసి మళ్ళీ తల దించుకుంది. ఆయన నవ్వాడు. ఆ నవ్వుకు నా కోపం రెండింతలైంది. ఏడుపూ వచ్చింది. ఆయన మంచి చెయ్యి నా తల మీద వేస్తే విసిరికొట్టాను.

నెల రోజులు నేను మోసిన పాపం అట్లా సగమైందని ఎవరైనా అంటే వాళ్ళకేమీ తెలియదు. నా అబద్ధాన్ని నమ్మి మోసపోయాడనుకున్నన్నాళ్ళు నాకొక ఆసరా ఉండేది. నేను తప్పు చేసినా ఈయన చేయడు, పని దగ్గర ఈయన ప్రాణం ఈయన చూసుకుంటాడు, నేనొక్కదాన్ని సరిగ్గా ఉంటే చాలు అని ఉండేది. ఆ ఆసరా పోయింది. నేను సుఖంగా ఉన్నాను కదా, కదిలించడం ఎందుకులే అని ఈ మనిషి మంట ముందు నిలబడగలడు.

ఇప్పుడు మళ్ళీ పనిలో పడ్డాడు. ఈ మధ్య ఉరవకొండ నుంచి ఒక చిన్న కారు వచ్చింది. దాని కిందికి దూరి, "ఏం కాదులే, నువ్వు లోపలికి పోయి రోంతసేపు పండుకో" అన్నాడు నిన్న. నేను పోలేదు. ఆ కాళ్ళ పక్కనే నేల మీద చతికిలబడి, "నన్ను కదిలించేది ఎందుకులే అని ఏం దాస్తాండావో చెప్పు. చెప్పేదాకా ఈడనుంచి లెయ్యను" అన్నాను. కారు కింద నుంచి ఒక చెయ్యి వచ్చి, బండికి ఆసరాగా పేర్చిన నాపరాళ్ళను తడిమింది. తర్వాత మెల్లగా, "ఇంగొక రాయి ఇట్ల తోయి మే" అన్నాడు.